కెమెరా నంబర్ సున్నా అంటే అసలు ఏ కెమెరా?

మ్యాక్‌బుక్ మీద చిన్న పైథాన్ ప్రోగ్రాం ఒకటి నెలల తరబడి సాఫీగా నడుస్తూ ఉంటుంది, కెమెరా తెరవడానికి ఓపెన్‌సీవీ అనే లైబ్రరీలోని వీడియోకాప్చర్ అని రాసి పక్కన సున్నా పెట్టారు, అంతకుమించి సెట్టింగ్ ఏం లేదు. ఒక రోజు అదే ప్రోగ్రాం రన్ చేస్తే మొహం బదులు సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూ కనపడుతుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, మారిందల్లా టేబుల్ మీద బోర్లా పెట్టిన ఐఫోన్. 2022లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ వెంచురా నుంచి దగ్గర్లో ఉన్న ఐఫోన్ కూడా మ్యాక్‌కి ఇంకో కెమెరాలా కనపడుతుంది, దాన్నే కంటిన్యుటీ కెమెరా అంటారు, అది లిస్టులో ముందుకొచ్చి కూర్చుంటే సున్నా నంబర్ దానికే పోతుంది.

విండోస్‌లో ఇదే తంటా ఇంకో రకంగా వస్తుంది. సున్నా పెడితే నల్ల స్క్రీన్, ఒకటి పెడితే ఎర్రర్, రెండు పెడితే పనిచేస్తుంది, ఎందుకో ఎవరికీ తెలీదు, పనిచేసింది కదా అని వదిలేస్తారు. ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్‌లో ఫేస్ అటెండెన్స్ ప్రాజెక్ట్ తీసుకున్న వాళ్లకి ఇది బాగా తెలిసిన సీనే, ఇంట్లో నడిచింది డెమో రోజు కాలేజీ ల్యాబ్ సిస్టమ్‌లో నడవదు.

క్లుప్తంగా

కెమెరా ఇండెక్స్, అంటే ప్రోగ్రాంలో రాసే ఈ సున్నా, ఒకటి, చాలాచోట్ల ఆ కెమెరా సొంత నంబర్ కాదు, ఆ క్షణంలో లిస్టులో అది నిలబడ్డ చోటు. లిస్టుని ఎవరు తయారుచేశారు, ఏ వరసలో పేర్చారు, ఎప్పుడు తయారుచేశారు అనే మూడు విషయాలు మారితే నంబర్ మారిపోతుంది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లోనూ ఆ వరస వేరు, విండోస్‌లో అయితే ఒకే మెషీన్‌లో రెండు వరసలు ఉంటాయి. ఒక కెమెరా ఉన్నంతకాలం ఇదేం పట్టదు, రెండోది తగిలించిన రోజు మొదలవుతుంది.

లిస్టు ఎవరు రాస్తున్నారు

స్కూల్లో రోల్ నంబర్ వేరు, ప్రేయర్ లైన్లో ఎన్నో వాడిగా నిలబడ్డాడన్నది వేరు. రోల్ నంబర్ ఏడాదంతా అదే ఉంటుంది. లైన్లో స్థానం మాత్రం ముందున్న పిల్లాడు ఆ రోజు రాకపోతే మారిపోతుంది. ప్రోగ్రాంలో రాసే సున్నా, ఒకటి అనేవి ఈ రెండో రకానివి, కానీ రాసేవాళ్లు రోల్ నంబర్ అనుకుని రాస్తారు, గొడవంతా అక్కడే.

లోపల జరిగేది ఇది. కెమెరా యూఎస్‌బీలో పెట్టగానే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని గుర్తించి తన దగ్గర రిజిస్టర్ చేసుకుంటుంది. ప్రోగ్రాం వచ్చి వీడియో పట్టే డివైజులు ఏమేం ఉన్నాయి అని అడిగితే ఒక్కొక్కటే తీసి ఇస్తుంది, లైబ్రరీ వాటిని ఒక కలెక్షన్‌లో వేసుకుంటుంది, ఆ కలెక్షన్‌లో మొదటిదానికి సున్నా. అంటే ఆ కలెక్షన్ అడిగిన నిమిషానికి తీసిన ఫొటో లాంటిది. ఫొటో తీశాక ఎవరైనా లేచి వెళ్లిపోయినా ఫొటోలో అలాగే ఉంటారు, కొత్తగా వచ్చినవాళ్లు ఫొటోలో ఉండరు. ప్రోగ్రాం నడుస్తుండగా కెమెరా పీకేసి ఇంకోటి పెడితే పాత కలెక్షన్‌కి ఆ సంగతే తెలీదు, మళ్లీ అడగాలి, మళ్లీ అడిగితే మొత్తం నంబర్లు కొత్తగా పడతాయి.

సీషార్ప్ భాషలో ప్రోగ్రాంలు రాసేవాళ్లకి బాగా తెలిసిన ఏఫోర్జ్ లైబ్రరీ దీనికి మంచి ఉదాహరణ. అందులో ఫిల్టర్‌ఇన్ఫోకలెక్షన్ అని ఒక క్లాస్ ఉంటుంది, వీడియో ఇన్‌పుట్ కేటగిరీ ఇచ్చి దాన్ని సృష్టిస్తే విండోస్‌లో ఉండే డైరెక్ట్‌షో నుంచి డివైజులన్నీ తెచ్చుకుంటుంది, ఒక్కోదానికీ రెండే వివరాలు, పేరు, మోనికర్ స్ట్రింగ్ అంటే ఆ డివైజుని విండోస్ గుర్తుపట్టే పొడవాటి గుర్తు. ట్యుటోరియల్స్ అన్నీ స్క్వేర్ బ్రాకెట్లో సున్నా పెట్టి దాని మోనికర్ తీసుకుని కెమెరా తెరవమని చెప్తాయి. ఇక్కడ రెండు సంగతులు చాలామంది గమనించరు. ఒకటి, కెమెరా ఒక్కటీ లేకపోతే ఆ సున్నా దగ్గరే ఎక్సెప్షన్ కొట్టి ప్రోగ్రాం ఆగిపోతుంది, కాబట్టి ముందు కౌంట్ చూసుకోవాలి. రెండోది ఇంకా ముఖ్యం, ఏఫోర్జ్ ఆ డివైజుల్ని తెచ్చుకున్నాక పేర్ల ప్రకారం సార్ట్ చేస్తుంది. అక్షరక్రమంలో ముందొచ్చే పేరుకే సున్నా అన్నమాట, విండోస్ ఏ వరసలో ఇచ్చిందనేది అక్కడితో పోయింది.

ఇది ఎక్కడ కొంప ముంచుతుందంటే, డ్రాప్‌డౌన్ నింపడానికి ఏఫోర్జ్ వాడి, వీడియో తెరవడానికి ఓపెన్‌సీవీ తాలూకు డాట్‌నెట్ రూపమైన ఎమ్గూసీవీ వాడిన చోట. యూజర్ డ్రాప్‌డౌన్‌లో రెండో పేరు ఎంచుకుంటాడు, ప్రోగ్రాం ఆ ఇండెక్స్ ఒకటిని తీసుకెళ్లి ఎమ్గూకి ఇస్తుంది, ఎమ్గూ తన లిస్టులో ఒకటో నంబర్ తెరుస్తుంది, ఆ లిస్టు సార్ట్ అయ్యి లేదు. పేరొకటి, వచ్చే బొమ్మ ఇంకొకటి. రెండు కెమెరాల పేర్లూ అనుకోకుండా అక్షరక్రమంలోనే ఉన్న మెషీన్‌లో ఇది బయటపడదు, డెవలపర్ మెషీన్‌లో పడకుండా కస్టమర్ దగ్గర పడే బగ్గుల్లో ఇదొకటి.

విండోస్‌లో రెండు సున్నాలు

విండోస్‌లో కెమెరాని చేరడానికి రెండు దారులున్నాయి. పాతది డైరెక్ట్‌షో, తర్వాత వచ్చింది మీడియా ఫౌండేషన్. రెండూ విడివిడిగా లిస్టులు ఇస్తాయి, రెండు లిస్టులూ ఒకే వరసలో ఉండాలని రూలేం లేదు, ఒకే సంఖ్యలో ఉండాలని కూడా లేదు. వర్చువల్ కెమెరాలు, అంటే సాఫ్ట్‌వేరే కెమెరాలా నటించేవి, దీనికి సాక్ష్యం. 2020లో స్క్రీన్ రికార్డింగ్‌కి, లైవ్‌కి వాడే ఓబీఎస్ స్టూడియో 26లో వర్చువల్ కెమెరా కలిపి ఇచ్చారు, విండోస్‌లో అది డైరెక్ట్‌షో ఫిల్టర్‌గా వచ్చింది, డైరెక్ట్‌షో లిస్టులో కనపడుతుంది, మీడియా ఫౌండేషన్‌తో రాసిన యాప్‌లకి కనపడదు. ఓబీఎస్ ఇన్‌స్టాల్ చేశాక ఒక యాప్‌లో నంబర్లు జరిగి, ఇంకో యాప్‌లో జరగకపోవడం చూసి మెషీన్‌కి వైరస్ పట్టిందనుకున్నా ఆశ్చర్యం లేదు.

ఓపెన్‌సీవీ ఈ రెంటినీ బ్యాకెండ్‌లు అంటుంది. 4వ వెర్షన్ నుంచి విండోస్‌లో ఏమీ చెప్పకపోతే మీడియా ఫౌండేషన్‌ని ముందు ప్రయత్నిస్తుంది, అంతకుముందు డైరెక్ట్‌షోతో అలవాటైన కోడ్‌లో లైబ్రరీ అప్‌డేట్ చేసిన రోజు కెమెరాలు తారుమారు కావడానికి ఇదొక కారణం. కెమెరా తెరుచుకోవడానికి పది పదిహేను సెకన్లు పట్టడం కూడా ఈ మార్పు తర్వాత ఎక్కువగా వినపడిన కంప్లైంట్, మీడియా ఫౌండేషన్ హార్డ్‌వేర్ ట్రాన్స్‌ఫార్మ్‌లని వాడాలా వద్దా అని చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకటుంది, దాన్ని ఓపెన్‌సీవీని ఇంపోర్ట్ చేసేముందే సున్నాకి పెడితే చాలా మెషీన్లలో ఆ ఆలస్యం పోతుంది.

బ్యాకెండ్‌ని నంబర్లోనే ఇరికించే పాత పద్ధతి కూడా ఉంది, పాత కోడ్ చదివేవాళ్లు దాన్ని చూసి జుట్టు పీక్కుంటారు. వీడియోకాప్చర్ పక్కన 700 అని ఉంటే ఏడువందలో కెమెరా అని కాదు. ప్రతి బ్యాకెండ్‌కీ వందల్లో ఒక సంఖ్య ఇచ్చారు, లినక్స్‌లో కెమెరాని చేరే దారి వీ4ఎల్‌కి 200, డైరెక్ట్‌షోకి 700, మ్యాక్ ఏవీఫౌండేషన్‌కి 1200, మీడియా ఫౌండేషన్‌కి 1400. ఇచ్చిన నంబర్‌ని వందతో భాగిస్తే బ్యాకెండ్, శేషం కెమెరా. 701 అంటే డైరెక్ట్‌షోలో ఒకటో నంబర్, 1400 అంటే మీడియా ఫౌండేషన్‌లో సున్నా. తర్వాతి వెర్షన్లలో బ్యాకెండ్‌ని రెండో ఆర్గ్యుమెంట్‌గా విడిగా ఇవ్వొచ్చు, అదే శుభ్రంగా ఉంటుంది. విండోస్‌లో నంబర్ వాడక తప్పదంటే కనీసం బ్యాకెండ్ కూడా కలిపి రాయాలి, ఒట్టి సున్నా అంటే ఏ లిస్టులో సున్నానో చెప్పకుండా వదిలేసినట్టే.

లినక్స్‌లో ఒకటి ఏమైపోయింది

లినక్స్‌లో ఈ నంబర్ అర్థమే వేరు, ఈ తేడా తెలియకపోతే విండోస్ అలవాటుతో వచ్చినవాళ్లకి అంతా గజిబిజిగానే ఉంటుంది. అక్కడ ప్రతి కెమెరా ఒక ఫైల్‌లా కనపడుతుంది, /డెవ్/వీడియో0, /డెవ్/వీడియో1 అలా. ఓపెన్‌సీవీకి 2 అని ఇస్తే లిస్టులో మూడోదాన్ని వెతకదు, తిన్నగా /డెవ్/వీడియో2 తెరవడానికి పోతుంది. అంటే ఇది లిస్టులో స్థానం కాదు, ఫైల్ పేరు చివర ఉన్న అంకె. అందుకే ఇక్కడ నంబర్ల మధ్య ఖాళీలుంటాయి.

2018లో వచ్చిన లినక్స్ కెర్నల్ 4.16 నుంచి ఈ ఖాళీ అందరికీ కనపడటం మొదలైంది. అప్పటిదాకా ఒక వెబ్‌క్యామ్‌కి ఒక ఫైల్. 4.16లో యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లని నడిపే యూవీసీ డ్రైవర్‌కి మెటాడేటా ఇచ్చే సదుపాయం చేర్చారు, ఫ్రేమ్‌తో పాటు వచ్చే టైమ్‌స్టాంప్ లాంటి సమాచారం చదువుకోవడానికి విడిగా ఇంకో ఫైల్ పెట్టారు. దాంతో ఒక్క కెమెరా తగిలించినా వీడియో0, వీడియో1 రెండూ పుడతాయి, వీడియో1లో బొమ్మ రాదు. రెండో కెమెరా వీడియో2 అవుతుంది. ఉబుంటు అప్‌గ్రేడ్ చేశాక రెండో కెమెరా పోయింది అనుకున్న చాలామందికి జరిగింది ఇదే, కెమెరా ఎక్కడికీ పోలేదు, ఒకటి నుంచి రెండుకి జరిగింది. ఏ ఫైల్ దేనిదో తెలియాలంటే వీ4ఎల్ యుటిల్స్ ప్యాకేజీలో వచ్చే వీ4ఎల్2-సీటీఎల్ కమాండ్‌కి లిస్ట్-డివైజెస్ అని చెప్తే కెమెరా పేరు కింద దాని ఫైళ్లన్నీ వరసగా చూపిస్తుంది. మొహం చూసి లాగిన్ చేసే విండోస్ హలో కోసం ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కూడా ఉన్న ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేస్తే ఇంకో రెండు ఫైళ్లు కలుస్తాయి, దాన్ని తెరిస్తే బూడిద రంగు బొమ్మ వస్తుంది, కెమెరా పాడైందని అనుకోకూడదు.

రాత్రంతా నడిచే ప్రోగ్రాంలకి ఇంకో ఇబ్బంది ఉంది. ప్రోగ్రాం వీడియో0ని తెరిచి పెట్టుకుని ఉండగా వైర్ లూజై కెమెరా ఒక్క క్షణం ఊడి మళ్లీ తగులుకుందనుకోండి. ప్రోగ్రాం పాత ఫైల్‌ని ఇంకా మూసెయ్యలేదు కాబట్టి కెర్నల్ ఆ నంబర్‌ని వేరేవాళ్లకి ఇవ్వదు, తిరిగొచ్చిన కెమెరాకి అది కాకుండా తర్వాత ఖాళీగా ఉన్న నంబర్ ఇస్తుంది. ప్రోగ్రాం మాత్రం సున్నా మళ్లీ మళ్లీ తడుతూనే ఉంటుంది. దీనికి మందు, చదవడం ఫెయిలైన వెంటనే రిలీజ్ చేసి, ఒక క్షణం ఆగి, తర్వాతే తిరిగి తెరవడం. చాలామంది రిలీజ్ చెయ్యకుండా తెరుస్తారు.

రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్ వాడేవాళ్ల కథ ఇంకోటి. పై 4లో కెమెరా లేకపోయినా వీడియో10, 11, 12 అంటూ ఫైళ్లు ఉంటాయి, అవి కెమెరాలు కావు, వీడియోని ఎన్‌కోడ్, డీకోడ్ చేసే హార్డ్‌వేర్‌వి, బొమ్మని శుద్ధి చేసే భాగానివి. ఇక రిబ్బన్ కేబుల్‌తో తగిలించే కెమెరా 2021 చివర్లో వచ్చిన దాని ఓఎస్ వెర్షన్ బుల్స్ఐ నుంచి లిబ్‌కెమెరా అనే సాఫ్ట్‌వేర్ ద్వారా నడుస్తుంది, వీడియో0 ఉన్నా అందులోంచి సెన్సార్ ఇచ్చే పచ్చి డేటానే వస్తుంది, ఓపెన్‌సీవీలో సున్నా పెట్టి బొమ్మ ఆశిస్తే కుదరదు, పైకెమెరా2 లాంటి లైబ్రరీ నుంచి ఫ్రేమ్ తీసుకుని ఓపెన్‌సీవీకి ఇవ్వాలి. నెట్‌లో 2021 కన్నా పాత ట్యుటోరియల్స్ ఇంకా ఉన్నాయి, కాబట్టి ఈ తికమక ఇప్పట్లో పోయేలా లేదు.

మ్యాక్‌లో వరస

మ్యాక్ మీద ఓపెన్‌సీవీ ఏవీఫౌండేషన్‌ని అడిగి డివైజులు తెచ్చుకుని ప్రతి కెమెరాకీ ఉండే యూనిక్ ఐడీ ప్రకారం సార్ట్ చేస్తుంది. ఉద్దేశం మంచిదే, తగిలించిన క్రమం ఏదైనా అవే కెమెరాలుంటే అదే వరస రావాలని. కొత్త కెమెరా వచ్చి చేరితే మాత్రం దాని ఐడీ ఎక్కడ పడుతుందో అక్కడ దూరుతుంది, మొదట్లో పడితే ల్యాప్‌టాప్ సొంత కెమెరా ఒకటికి జరుగుతుంది. మొదట్లో చెప్పిన సీలింగ్ ఫ్యాన్ అలా వచ్చిందే. కంటిన్యుటీ కెమెరా వద్దనుకుంటే ఐఫోన్ సెట్టింగ్స్‌లో జనరల్, ఆ తర్వాత ఎయిర్‌ప్లే కింద ఆపెయ్యొచ్చు, అయితే ప్రోగ్రాం వాడే ప్రతి మనిషికీ ఫోన్ సెట్టింగ్ మార్చుకో అని చెప్పడం జరిగే పని కాదు.

ఈ అలవాటు ఎక్కడిది

నంబర్‌తో కెమెరా పిలవడం కొత్తదేం కాదు. 1992లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన వీడియో ఫర్ విండోస్‌లో కాప్చర్ డ్రైవర్ గురించి అడగాలంటే 0 నుంచి 9 వరకు ఇండెక్స్ ఇవ్వాలి, అంతకుమించి లేదు. కంప్యూటర్‌లో కాప్చర్ కార్డ్ ఒకటుంటే గొప్ప అనుకునే రోజులవి, పది ఎక్కువే. 2003లో యూఎస్‌బీ వీడియో క్లాస్ అనే స్టాండర్డ్ వచ్చాక పరిస్థితి తిరగబడింది, ఏ కంపెనీ వెబ్‌క్యామ్ అయినా వేరే డ్రైవర్ లేకుండా పెట్టగానే పనిచెయ్యడం మొదలైంది, లినక్స్ కెర్నల్‌లోకి ఆ డ్రైవర్ 2008లో 2.6.26తో వచ్చింది. కెమెరాలు పెట్టడం తీయడం అంత తేలికయ్యాక లిస్టు నిలకడగా ఉంటుందన్న పాత నమ్మకం చెల్లదు, కానీ ఫంక్షన్ రూపం మాత్రం అలాగే ఉండిపోయింది.

లెక్క సున్నా నుంచే మొదలవ్వాలని కూడా లేదు. ఇంజినీర్లు లెక్కలకి వాడే మ్యాట్‌ల్యాబ్‌లో మొదటి కెమెరా 1, ఆ భాషలో అన్ని లెక్కలూ ఒకటి నుంచే కాబట్టి. అక్కడ రాసింది పైథాన్‌లోకి మార్చేటప్పుడు ఒకటి తగ్గించడం మర్చిపోతే రెండో కెమెరా తెరుచుకుంటుంది, లేదా ఏదీ తెరుచుకోదు. మైనస్ ఒకటి సంగతి ఇంకా తమాషా, పైథాన్ లిస్టులో మైనస్ ఒకటి అంటే చివరిది, ఓపెన్‌సీవీలో లినక్స్ మీద మైనస్ ఒకటి ఇస్తే దొరికిన మొదటిది ఇవ్వమని.

లేని నంబర్ అడిగితే

ఇక్కడ రెండు లైబ్రరీల మధ్య తేడా చూడదగ్గది. ఏఫోర్జ్ కలెక్షన్‌లో లేని ఇండెక్స్ అడిగితే అదే లైన్‌లో ఎక్సెప్షన్ వస్తుంది, తప్పు ఎక్కడుందో చెయ్యి పట్టుకుని చూపించినట్టు. ఓపెన్‌సీవీ అలా కాదు. లేని నంబర్ ఇచ్చినా మామూలుగా ఆగకుండా ఆబ్జెక్ట్ తయారైపోతుంది, టెర్మినల్‌లో ఒక వార్నింగ్ వేసి ఊరుకుంటుంది. తర్వాత రీడ్ పిలిస్తే ఫాల్స్, పక్కన ఖాళీ ఫ్రేమ్ వస్తాయి. ఆ ఫాల్స్‌ని ఎవరూ చూడరు. ఖాళీ ఫ్రేమ్‌ని తీసుకెళ్లి రంగు మార్చే సీవీటీకలర్‌కి ఇస్తారు, అక్కడ మైనస్ 215 అసర్షన్ ఫెయిల్డ్ అని ఎర్ర అక్షరాలు వస్తాయి. ఎర్రర్ చూపించేది కలర్ మార్చే లైన్‌ని, తప్పు జరిగింది కెమెరా తెరిచే లైన్‌లో, విద్యార్థి పాపం కలర్ కోడ్ మార్చి మార్చి చూస్తూ కూర్చుంటాడు. కెమెరా తెరిచిన వెంటనే ఈజ్‌ఓపెన్డ్ అని ఒక్క చెక్ పెడితే ఈ తిప్పలన్నీ ఉండవు.

ఓపెన్‌సీవీకి ఇంకో లోటు కూడా ఉంది, కెమెరాల లిస్టు ఇవ్వమని అడగడానికి అందులో ఫంక్షనే లేదు. అందుకే జనం సున్నా నుంచి తొమ్మిది దాకా లూప్ వేసి ఒక్కోటీ తెరిచి చూస్తారు. పని జరుగుతుంది, కానీ తెరిచిన ప్రతి కెమెరా లైట్ వెలిగి ఆరుతుంది, విండోస్‌లో ఒక్కోటీ సెకన్లు తింటుంది, వేరే మీటింగ్‌లో వాడుతున్న కెమెరా తెరుచుకోక లేనట్టే లెక్కలోకి వస్తుంది. పేర్లు కావాలంటే విండోస్‌లో డైరెక్ట్‌షోని అడిగే పైగ్రాబర్ లాంటి చిన్న లైబ్రరీ వాడి, అదే వరసని ఓపెన్‌సీవీకి డైరెక్ట్‌షో బ్యాకెండ్‌తోనే ఇవ్వాలి. లిస్టు ఒకరి దగ్గర తీసుకుని తెరవడం ఇంకొకరితో చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

నంబర్ కరెక్టే, అయినా తెరుచుకోదు

కొన్నిసార్లు ఇండెక్స్ మీద నింద పడుతుంది కానీ దోషం దానిది కాదు. రెండు వెబ్‌క్యామ్‌లు ఒకే యూఎస్‌బీ హబ్‌కి పెడితే ఏదో ఒకటే నడుస్తుంది, ఏది ముందు తెరిస్తే అది. లెక్క చూస్తే అర్థమవుతుంది. 640 బై 480 బొమ్మ, పిక్సెల్‌కి 2 బైట్లు, సెకనుకి 30 ఫ్రేములు, గుణిస్తే సెకనుకి 18.4 మెగాబైట్లు. యూఎస్‌బీ 2.0 మొత్తం సామర్థ్యం కాగితం మీద సెకనుకి 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు, అందులో వీడియో లాంటి టైంకి అందాల్సిన డేటాకి 80 శాతం దాకానే కేటాయించొచ్చు, అంటే 48. చూడ్డానికి రెండు కెమెరాలు పట్టేలా ఉంది కదా, కానీ చాలా వెబ్‌క్యామ్‌లు అవసరమైనంత కాకుండా గరిష్ఠంగా దొరికేదంతా, అంటే ఒక్కోటీ దాదాపు 24.5 మెగాబైట్లు, ముందే రిజర్వ్ చేసుకుంటాయి. రెండూ కలిస్తే 49. బస్సులో సీట్ల మీద కర్చీఫులు వేసినట్టు, మనిషి లేకపోయినా సీటు ఖాళీ లేదు. లినక్స్ దీనికిచ్చే ఎర్రర్ డివైజ్‌లో చోటు లేదు అని, అది చూసి హార్డ్ డిస్క్ ఖాళీ చేసినవాళ్లు కూడా ఉంటారు. ఫార్మాట్‌ని ఒక్కో ఫ్రేమ్‌ని కుదించి పంపే ఎంజేపెగ్‌కి మారిస్తే చాలాసార్లు సరిపోతుంది, లేదంటే రెండో కెమెరాని వేరే యూఎస్‌బీ కంట్రోలర్ మీదున్న పోర్ట్‌కి మార్చాలి.

పేరుతో పిలిస్తే సరిపోతుందా

నంబర్ నమ్మలేం, కాబట్టి పేరు వాడదాం అనేది సహజంగా వచ్చే ఆలోచన. వీడియో రికార్డ్ చెయ్యడానికి, మార్చడానికి వాడే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఈ విషయంలో మూడు సిస్టమ్‌లలో మూడు రకాలుగా నడుస్తుంది, విండోస్‌లో కెమెరా పేరు, లినక్స్‌లో ఫైల్ దారి, మ్యాక్‌లో పేరైనా సరే నంబర్ అయినా సరే. పేరుతో ఉన్న చిక్కల్లా ఒకే మోడల్‌వి రెండు కొన్నప్పుడు, రెండింటి పేరూ ఒకటే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో అలాంటి సందర్భం కోసం వీడియో డివైజ్ నంబర్ అనే ఆప్షన్ పెట్టారు, అంటే పేరు చెప్పాక కూడా తిరిగి నంబర్ దగ్గరికే రావాలి.

పేరు కన్నా గట్టిది విండోస్‌లో మోనికర్ లేదా డివైజ్ పాత్. అందులో తయారీదారు ఐడీ, మోడల్ ఐడీ, దానికి తోడు ఆ ఒక్క కెమెరాని గుర్తించే ముక్క కూడా ఉంటాయి. కెమెరాలో సీరియల్ నంబర్ ఉంటే ఆ ముక్క కెమెరాతో పాటే ఏ పోర్ట్‌కి మారినా వెంట వస్తుంది, చవక కెమెరాల్లో సీరియల్ ఉండదు, అప్పుడు విండోస్ ఆ ముక్కని పోర్ట్‌ని బట్టి తయారుచేస్తుంది, పోర్ట్ మారిస్తే కొత్త కెమెరా కింద లెక్క.

లినక్స్ దీన్ని దాచకుండా రెండు ఫోల్డర్లుగా విడదీసింది. /డెవ్/వీ4ఎల్ కింద బై-ఐడీ అని ఒకటి, బై-పాత్ అని ఒకటి. మొదటిదాంట్లో కెమెరా ఎవరో రాసి ఉంటుంది, లాజిటెక్ అయితే 046డీ అనే తయారీదారు ఐడీ, మోడల్, సీరియల్, చివర వీడియో-ఇండెక్స్0 అని. ఆ చివరి అంకె ఆ కెమెరా లోపలి వరస మాత్రమే, ఇండెక్స్1 అంటే దాదాపుగా ఇందాకటి మెటాడేటా ఫైలే. సీరియల్ లేని ఒకే మోడల్ కెమెరాలు రెండుంటే బై-ఐడీలో రెంటికీ ఒకటే పేరు వచ్చి ఒక్క లింకే మిగులుతుంది. రెండోదాంట్లో కెమెరా ఏ పోర్ట్‌లో ఉందో రాసి ఉంటుంది, కెమెరా ఏదైనా సరే ఆ పోర్ట్‌లో ఉన్నది అని అర్థం. చేత్తో తీసి పెట్టే కెమెరాకి బై-ఐడీ బాగుంటుంది, గోడకి బిగించి వైర్ కదలని చోట బై-పాత్ బాగుంటుంది, పాడైన కెమెరా తీసేసి కొత్తది అదే పోర్ట్‌లో పెడితే కోడ్ ముట్టుకోనక్కర్లేదు. ఓపెన్‌సీవీకి నంబర్ బదులు ఈ దారినే స్ట్రింగ్‌గా ఇవ్వొచ్చు, పక్కన వీ4ఎల్2 బ్యాకెండ్ అని చెప్పడం మంచిది, లేకపోతే అది వీడియో ఫైలేమో అని వేరే బ్యాకెండ్ మొదట తెరవబోతుంది.

తర్వాత డిజైన్ చేసినవాళ్లు ఈ పాఠం కొంత నేర్చుకున్నట్టే కనపడుతుంది. ఆండ్రాయిడ్‌లో పాత కెమెరా క్లాస్‌కి అంకె ఇవ్వాలి, 2014లో 5.0తో వచ్చిన కెమెరా2లో ఐడీ ఒక స్ట్రింగ్, ముందు కెమెరానా వెనక కెమెరానా అనేది దాని లక్షణాల్లో చూసుకోవాలి. బ్రౌజర్లు ఇంకో అడుగు ముందుకెళ్లాయి, ఒక్కో వెబ్‌సైట్‌కి ఒక్కో రకం డివైజ్ ఐడీ ఇస్తాయి, ఒకే కెమెరా రెండు సైట్లకి రెండు ఐడీలతో కనపడుతుంది, ఐడీ పట్టుకుని మనిషిని సైట్ల వెంట వెంబడించకుండా. పర్మిషన్ ఇచ్చేదాకా కెమెరా పేరు ఖాళీగానే వస్తుంది. ఇక్కడ నిలకడ కొంచెం తగ్గించుకుని ప్రైవసీ కొనుక్కున్నారు, కుకీలు తుడిచేస్తే ఐడీ కూడా మారిపోతుంది, అందుకే బ్రౌజర్లో సేవ్ చేసిన కెమెరా దొరక్కపోతే ఏం చెయ్యాలో కోడ్‌లో రాసి పెట్టుకోవాల్సిందే.

నష్టం ఎక్కడ ఎక్కువ

నంబర్ తప్పి కెమెరా తెరుచుకోకపోతే అది పెద్ద నష్టం కాదు, ఎవరో ఒకరు చూస్తారు, సరిచేస్తారు. తప్పు కెమెరా మామూలుగా తెరుచుకుని బాగానే నడిస్తేనే ప్రమాదం. ఒక షాపులో లోపలికి వచ్చేవాళ్లని లెక్కపెట్టే కెమెరా సున్నా, బయటికి వెళ్లేవాళ్లని లెక్కపెట్టేది ఒకటి అని రాసుకున్నారనుకుందాం. రాత్రి కరెంటు పోయి వచ్చింది, సిస్టమ్ రీస్టార్ట్ అయ్యేటప్పుడు హబ్ మీద రెండో కెమెరా ముందు లేచింది, నంబర్లు తారుమారయ్యాయి. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, రెండు వీడియోలూ వస్తున్నాయి, లెక్కలూ పడుతున్నాయి. పొద్దున షాపు తెరిచిన అరగంటకి లోపలున్న జనం మైనస్ పదకొండు అని స్క్రీన్ మీద చూపిస్తుంది, అప్పుడు ఎవరైనా కెమెరాల వైర్ల వంక చూస్తారు.